దెబ్బ యాడ్నుంచి వస్తాది?

ఎండ ఎక్కేకొద్దీ రబ్బరు వాసన వస్తుంది. మా ఇంటి ప్రహరీ వెంబడి కర్రలు పాతి, వాటి మీద బూట్లు తలకిందులుగా బోర్లించి పెడతాను. లోపల తేళ్ళు దూరకుండా. ప్రొద్దుటూరు ఎండకు రబ్బరు వేడెక్కి, నిన్నటి చెమట ఆరి, ఒక మాదిరి ఘాటు లేస్తుంది. నా కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "ఈటిని మిద్దె మీద పెట్టుకోరాదా అత్తా, వంటింట్లో నిలబడలేకపోతాండా" అంటుంది. ఆ వాసన తగలగానే నాకు మహబూబ్ బాషా గుర్తుకొస్తాడు. ఆయన గుర్తుకొచ్చిన వెంటనే ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. కానీ ఆ మనిషి మమ్మల్ని ఎంత విసిగించాడో ముందు చెప్పకపోతే ఆ మంచి మీకు అర్థం కాదు.

మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. పొట్టి మనిషి, తెల్లగడ్డం, ఎండైనా వానైనా నిండు చేతుల చొక్కా, ప్యాంటు కొసలు బూట్లలోకి దోపుకొని నడిచేవాడు. వెనకాల అందరూ "బూట్ల బాషా" అనేవారు, ఎదురుగా అన్నా పట్టించుకునేవాడు కాదు. కువైట్‌లో ఒక తోటల కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చి, జమ్మలమడుగు రోడ్డులో ఒక రేకుల షెడ్డు బాడుగకు తీసుకొని, ఇళ్ళ ముందరి తోటలు చూసుకునే పని మొదలుపెట్టాడు. అప్పటికే మా ఊళ్ళో బంగారు అంగళ్ళవాళ్ళకూ పత్తి వ్యాపారులకూ కొత్త ఇళ్ళు కట్టి, ముందర లాన్ పరిపించే సరదా పట్టింది. పరిపించడం తేలిక. దాన్ని కోయాలి, కలుపు ఏరాలి, కంచె కత్తిరించాలి, పురుగుకు మందు కొట్టాలి. ఆ పనులకు ఆయనకు ఆడవాళ్ళు కావలసి వచ్చారు.

నేను మూడో తరగతితో బడి మాని, అప్పట్నుంచీ చేలల్లో కలుపు తీసి బతికినదాన్ని. వానలు లేక శెనగ చేలు పండని ఏడు, మా వీధి ఓబులమ్మ నన్ను ఆయన షెడ్డుకు తీసుకుపోయింది. ఓబులమ్మ నాకంటే కాస్త చిన్నది, నోరు మాత్రం పెద్దది. మేము కొడవళ్ళు ఇస్తాడని నిలబడితే, ఆయన రెండు జతల నల్లటి రబ్బరు బూట్లు తెచ్చి మా ముందు పెట్టాడు. మగవాళ్ళ బూట్లు. మోకాలి దాకా ఉన్నాయి.

"ఇవి ఎందుకప్పా? మేమేమన్నా మిలట్రీకి పోతాండామా?" అంది ఓబులమ్మ.

"ఏసుకోండి. ఏసుకోకుంటే పని లే."

"నేను పుట్టినకాడ్నుంచి చేన్లోనే తిరుగుతాండా, నా కాలికి ఏమీ కాలే" అన్నాను నేను.

ఆయన నా ముందు గొంతుకూర్చుని, "ఏదీ, అరికాలు సూపించు సుబ్బక్కా" అన్నాడు. పరాయి మగవాడికి అరికాలు చూపించడమేమిటని నేను వెనక్కి జరిగితే, ఓబులమ్మ పక్కనుంచి నా కాలు పట్టి ఎత్తింది. ఆయన తాకలేదు, చూశాడంతే. "ఇది తుమ్మముల్లు. ఇది గాజు పెంకు. ఈ మడమ పగుల్లో సీము పట్టి మానింది. ఏమీ కాలేదంటాండావు, మరి ఇవన్నీ ఎవురి కాలివి?" అన్నాడు. నాకు కోపం వచ్చి బూట్లు వేసుకున్నాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకొని, ఆ బూట్లతో దబదబా నడుస్తుంటే వీధిలో కుక్కలు కూడా నిలబడి చూశాయి. మధ్యాహ్నానికి కాళ్ళు అన్నం ఉడికినట్టు ఉడికాయి. బూట్లు వదులు కాబట్టి ముందర పాతగుడ్డలు కుక్కుకున్నాం. ఆడవాళ్ళ కొలతకు తెప్పించమంటే, ఎన్ని అంగళ్ళు తిరిగినా దొరకలేదన్నాడు. అది నిజమే. ఆ కొలతలో చేసేవాళ్ళకు ఆడవాళ్ళు కూడా పని చేస్తారని తెలిసినట్టు లేదు.

బూట్లతో అయిపోతే బాగుండేది. ప్రతిరోజూ పని మొదలుపెట్టకముందు మమ్మల్ని బడిపిల్లల్లా వరుసగా నిలబెట్టేవాడు. ఒక్కొక్కరి ముఖం చూసి ఒకటే మాట అడిగేవాడు: "ఈ పొద్దు దెబ్బ యాడ్నుంచి వస్తాది?" ఎవరి పనిలో ఏ ప్రమాదం ఉందో వాళ్ళే చెప్పాలి. తెలియదంటే ఊరుకోడు. చెప్పేదాకా కొడవలి చేతికివ్వడు. పొద్దు పైకొస్తుంటుంది, చల్లపూట పోతుంటుంది, ఇంట్లో నేను అంట్లు కూడా తోమకుండా పరుగెత్తి వచ్చుంటాను, ఈయన మాత్రం నిదానంగా వరుస చివరిదాకా పోతాడు. ఒకరోజు ఓబులమ్మ వంతు వచ్చింది.

"చెప్పు ఓబులమ్మా, దెబ్బ యాడ్నుంచి వస్తాది?"

"మా ఇంటాయన కాడ్నుంచి."

అందరం పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. "అది సాయంత్రం సంగతి. దానికీ నేనొచ్చి మాట్లాడ్తా. పగటి దెబ్బ చెప్పు" అన్నాడు. ఆమె నవ్వు ఆపి, గడ్డి మిషన్ కింద రాయి పడితే ఎగిరి కంటికి తగులుతుందని చెప్పింది. "శభాష్. పోయి ముందర రాళ్ళు ఏరు" అన్నాడు. ఆ సాయంత్రం నిజంగానే ఓబులమ్మ ఇంటికి పోయి ఆమె మొగుడితో వీధి అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడి వచ్చాడట. ఏం మాట్లాడాడో ఇద్దరూ చెప్పలేదు. ఓబులమ్మ మాత్రం నెల రోజులు నన్ను సాధించింది, "నేనేందో నవ్వులాటకు అంటే ఆయప్ప ఇంటిమీదికి వచ్చినాడు సూడక్కా" అని.

ఈయనకు ఇంత పట్టుదల ఎందుకని మాలో మేము కథలు కట్టుకునేవాళ్ళం. కువైట్‌లో కళ్ళముందర తమ్ముడు పోయాడని ఒకరు, చేయి తెగినవాణ్ణి మోసుకుపోయాడని ఇంకొకరు. చివరికి నేనే అడిగాను. "ఆడ ఏం జరిగిందన్నా, ఇంత భయపడ్తాండావు?" "ఏమీ జరగలే సుబ్బక్కా" అన్నాడు. "పోయినోళ్ళం పోయినట్టే తిరిగొచ్చినాం. అన్ని చేతులూ, అన్ని కండ్లూ. దినామూ పొద్దున్నే ఎవురో ఒకరు నిలబెట్టి అడిగేటోళ్ళు. నేనూ తిట్టుకునేటోణ్ణి. ఇంటికొచ్చి సూసుకుంటే, మా ఈదిలో నా ఈడోళ్ళల్లో ఒళ్ళంతా సరిగ్గా ఉండేది నేనొకణ్ణే." అంతే చెప్పాడు. ఇంత చిన్న సంగతికి మేము తమ్ముణ్ణి కూడా చంపేశామని నాకు చిరాకేసింది.

నా పొదుపు మీద కూడా ఆయన కన్నుపడింది. నాకు ఏదీ పారేయడం చేతకాదు. ఆయనిచ్చిన చేతి తొడుగుల్లో కుడిచేతిది ముందు చినుగుతుంది, ఎడమది బాగానే ఉంటుంది. అందుకని కొత్త జత పెట్టెలో దాచి, పాత ఎడమదాన్ని తిరగేసి కుడిచేతికి వేసుకునేదాన్ని. బొటనవేలు కాస్త పక్కకు పోయేది, అయితేనేం. ఒకరోజు కాగితంపూల తీగ కత్తిరిస్తుంటే అది చూశాడు. నా చేతినుంచి ఊడదీసి, నా కళ్ళముందరే కత్తెరతో రెండు ముక్కలు చేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. "ఇంగా పనికొస్తాది గదన్నా!" అన్నాను. "పనికొస్తాదని తెలిసే కత్తిరించినా. ఉంటే నువ్వు ఏసుకుంటావు" అన్నాడు. ఆ రెండు ముక్కలూ ఏరుకొని ఇంటికి తెచ్చి, వేడి గిన్నెలు దించడానికి వాడుకున్నాను. అది ఆయనకు చెప్పలేదు.

ఆయన మాట నా మనసుకు సూటిగా తగిలింది జమ్మలమడుగులో. అక్కడ ఒక డాక్టరు ఇంట్లో గులాబీ తోట ఉండేది. పేనుబంక పట్టిందని మందు కొట్టడానికి పోయాం. ఆయనిచ్చిన ముసుగు పెట్టుకుంటే ఊపిరాడదని, నేను కొంగు తిప్పి మూతికి కట్టుకొని పంపు భుజాన వేసుకున్నాను. సగం పని కాగానే గాలి మా మీదికి మళ్ళింది. ఆయన వచ్చి పంపు దించమన్నాడు. డాక్టరు భార్య బయటికి వచ్చి, సాయంత్రం చుట్టాలొస్తున్నారు, ఈ ఒక్క వరుస కొట్టి పొండని కేకలేసింది. గాలి ఆగాక కొడతామని ఈయన, ఇప్పుడే కావాలని ఆమె. కడకు మమ్మల్ని వెళ్ళగొట్టినంత పని చేసింది. బస్టాండులో కూర్చున్నాక నేనే గొడవకు దిగాను.

"అరపూట కూలి గాలికి పోయింది. కొంగు కట్టుకున్యా గదా, నాకేమైతాది?"

ఆయన నావైపు తిరగకుండానే అన్నాడు. "ఆ కొంగు యాడికి పోతాది సుబ్బక్కా? ఇంటికే గదా. ఇంటికి పోతానే మనవరాలు ఎదురొచ్చి నీ ఒళ్ళో పడతాది. ఆ కొంగుతోనే దాని మూతి తుడుస్తావు."

ఇంటికి పోయి వీధిలోనే పాపను దూరంగా నిలబడమని, పెరటి దారిన పోయి స్నానం చేసి, చీర వేరే బకెట్లో తడిపాను. నా మనవరాలు తనను కసిరానని రాత్రంతా అలిగి పడుకుంది. ఇంత బాగా అర్థమయ్యే మాట ముందే చెప్పి చావచ్చు గదా అని అప్పుడూ ఆయన్నే తిట్టుకున్నాను.

ఇక పులివెందుల సంగతి. పులివెందుల దాటి గండి గుడికి పోయే దారిలో, చీనీ, అంటే బత్తాయి తోటల మధ్య ఒక పెద్ద రైతు ఇల్లు ఉంది. ఊరంతా ఆయన్ని పెద్దాయన అనేవారు, నేనూ అదే అంటాను. ఇంటి చుట్టూ పెద్ద తోట, గేటు నుంచి వరండా దాకా రెండు వైపులా ఖర్జూరం చెట్లు. ఏడాది పొడుగునా పని. ఆ ఇల్లు దొరికితే మేమందరం మళ్ళీ చేలకు పోనవసరం లేదు. మొదటిరోజు గేటు దగ్గరే అక్కడి గుమాస్తా చెన్నప్ప ఆపాడు. "బూట్లు ఈడ ఇడిసి లోపలికి పాండి" అన్నాడు. ఆ గేటు లోపల కూలోళ్ళెవరూ కాళ్ళకు ఏమీ వేసుకొని నడిచింది లేదు. గోడవారగా చెప్పుల వరుస కనబడుతూనే ఉంది. మేము అప్పటికే ఒంటికాలి మీద నిలబడి బూటు లాగుతున్నాం. మాకు అది తప్పుగా అనిపించలేదు. పెద్దవాళ్ళ వాకిట్లోకి చెప్పులతో పోవడమే మాకు సిగ్గు.

"ఎవురూ ఇడవద్దు" అన్నాడు బాషా.

"ఇది రైతు ఇల్లప్పా, సినిమాహాలు గాదు" అన్నాడు చెన్నప్ప.

"ఇల్లైతే గడప కాడ ఇడుస్తాం. ఇది మేం పని చేసే సోటు. నా మనుషులు బూట్లు ఇడిస్తే మిషన్లు గూడా ఈడనే ఇడుస్తారు."

అంతే, మమ్మల్ని ఎక్కించి వ్యాను వెనక్కి తిప్పాడు. దారిలో ముద్దనూరులో సద్దిమూటలు విప్పితే ఎవరికీ ముద్ద దిగలేదు. ఓబులమ్మ ఏడ్చినంత పని చేసింది. "మా కాళ్ళు మావి గదా సామీ. మేము ఇడుస్తామంటే నీకెందుకు అంత కష్టం? చేతికొచ్చిన పనిని బూట్లతో తన్నితివే." నేను ఇంకా గట్టిగానే అన్నాను, ఆ మాటలు ఇక్కడ చెప్పను. ఆయన పెరుగన్నం మెల్లగా తింటూ, దూరాన కనిపించే కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాల వైపు చూస్తూ కూర్చున్నాడు. విన్నాడో లేదో కూడా తెలియలేదు. అదే నాకు ఇంకా మంట.

వారం తిరక్కుండానే చెన్నప్ప ఫోను చేశాడు. వేరేవాళ్ళు చేసిన పని పెద్దాయనకు నచ్చలేదట, బూట్లతోనే రమ్మన్నాడట. మేము ఎగిరి గంతేశాం. నెలలు బాగానే గడిచాయి. ఆ రోజు ఖర్జూరం మట్టలు కొట్టి, కింద పట్ట పరిచి పోగు వేస్తున్నాం. ఆ మట్టల మొదట్లో ముళ్ళు ఉంటాయి, వేలంత పొడుగు, దబ్బనంలా గట్టిగా. ఎంత పట్ట పరిచినా కొన్ని గడ్డిలో పడతాయి. ఓబులమ్మ మట్ట లాగుతోంది. అప్పుడు పెద్దాయన చేతికర్ర పట్టుకొని వరండాలోకి వచ్చాడు. ఎవరినీ ఏమీ అనలేదు. గాలికి వచ్చి నిలబడ్డాడంతే. ఓబులమ్మ చేతిలోది కిందపెట్టి, వదులు బూట్లలోంచి రెండు కాళ్ళూ బయటికి తీసి, గడ్డి మీద నిలబడి దండం పెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఆమె కాళ్ళు వాటంతట అవే వచ్చేశాయి. పెద్దాయన తలూపి లోపలికి పోయాడు. ఆమె మళ్ళీ బూట్లలో కాళ్ళు పెట్టుకొని పనిలో పడింది. నేను పక్కనే ఉన్నాను. నాకు అందులో వింతేమీ కనబడలేదు.

ముల్లు అప్పుడే దిగింది. ఓబులమ్మ ఎవరికీ చెప్పలేదు. బూట్లు విడిచిందని తెలిస్తే బాషా పనిలోనుంచి తీసేస్తాడని భయం. పైకి కనిపించినంత పీకేసి, పసుపు అద్ది, గుడ్డ చుట్టుకొని, రోజూ ఆ కాలినే ఆ ఉడికే బూటులో పెట్టి వచ్చింది. ఆమెకు చక్కెర జబ్బు ఉందని మాకెవరికీ తెలియదు, ఆమెకూ తెలియదు. ఒకరోజు వరుసలో నిలబెట్టి, "ఓబులమ్మా, దెబ్బ యాడ్నుంచి వస్తాది?" అని అడిగితే ఆమె ఏ హాస్యమూ ఆడలేదు. ఒళ్ళు కాలిపోతోంది. కాలు బూటులోంచి రాలేదు. బాషా కత్తెర తెచ్చి బూటును పైనుంచి కిందికి చీల్చాడు. ఆ వాసనకు అందరం వెనక్కి తిరిగాం. ఆయన తిరగలేదు. ఆమెను వ్యానులో పడుకోబెట్టి ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. కాలు దక్కింది. బొటనవేలూ దాని పక్కదీ దక్కలేదు.

ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు అందరినీ కడిగేస్తాడని మేము ఎదురుచూశాం. ఒక్కమాట అనలేదు. ఆసుపత్రిలో ఓబులమ్మ, "నాదే తప్పప్పా, నన్ను తీసేయవాకు" అంటే, "నీకు కూసోని చేసే పని ఉండాది, గమ్మునుండు" అన్నాడు. మరుసటి వారం నన్ను వెంటబెట్టుకొని పులివెందుల పోయి, తిన్నగా వరండా మెట్ల దగ్గర నిలబడ్డాడు. పెద్దాయన కుర్చీలో ఉన్నాడు. జరిగింది చెప్పాడు.

"అయ్యో పాపం" అన్నాడు పెద్దాయన. నిజంగానే బాధపడ్డాడు. "నేను బూట్లు ఇడవమన్నానా సాయిబూ?"

"అనలేదప్పా. మీరు అనకపోయినా ఇడుస్తారు. దెబ్బ ఆడ్నుంచే వచ్చింది."

"అయితే ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"మావాళ్ళు పని చేసేటప్పుడు మీరు వరండాలేకి రావాకండి."

చెన్నప్ప చేతిలోని నీళ్ళచెంబు ఒలికింది. నాకైతే ఆ మెట్ల కింద భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఆయన చొక్కా పట్టుకొని లాగాను, కదల్లేదు. పెద్దాయన కుర్చీలో ముందుకు వంగాడు.

"నా ఇంట్లో నేను యాడ కూసోవాల్నో నువ్వు చెప్తాండావు."

"పని అయ్యేవరకే అప్పా. లేదంటే మీరూ బూట్లు ఏసుకోని రాండి. అప్పుడు వీళ్ళు ఇడవరు."

పెద్దాయన లేచాడు. "మంచిది. పొయిరాండి" అని లోపలికి పోయాడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. మరునాడు పొద్దున చెన్నప్ప ఫోను చేసి ఇక రావద్దన్నాడు.

ఆ ఇల్లు పోవడంతో సగం మంది మానేశారు. నేనూ మానేశాను. ఒక ముసలాయన కూర్చునే చోటు కోసం ఇంతమంది కూడు పోగొట్టిన మనిషి దగ్గర ఏమి పని చేయడం అని, ఒక మేస్త్రీ వెంట పత్తి చేనికి పోయాను. గట్టు మీద అందరూ దిగుతున్నారు. నేను నిలబడే ఉన్నాను. "ఏంది పెద్దమ్మా సూస్తాండావు, దిగు" అన్నాడు మేస్త్రీ. ఎందుకు నిలబడ్డానో నాకు అప్పుడు తెలిసింది. ఎవరో అడుగుతారని చూస్తున్నాను. ఆ చేన్లో పొద్దున్నే ఎవరో మందు కొట్టి ఉన్నారు, ఆకుల మీద తడి ఇంకా మెరుస్తోంది, వాసన ముక్కుకు తగులుతోంది. దెబ్బ ఎక్కడినుంచి వస్తుందో నాకు కనబడుతోంది. అడిగేవాడు లేడు. పక్కమ్మాయి చంకలో బిడ్డతో ఆ సాళ్ళల్లోకి దిగింది. ఆపితే, "నీకెందుకవ్వా" అంది. నేను దిగలేదు. తిరిగి నడుచుకుంటూ జమ్మలమడుగు రోడ్డు షెడ్డుకు వచ్చాను. బాషా బూట్లు కడుగుతున్నాడు. "వచ్చినావా" అని, నా జత కర్ర మీదనుంచి తీసి ఇచ్చాడు. నేను మానేసినన్ని రోజులూ దాన్ని కూడా కడిగి బోర్లిస్తూనే ఉన్నాడని వాసనలోనే తెలిసింది. అది కూడా నాకు కోపమే తెప్పించింది.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. మధ్యాహ్నం షెడ్డులో కుర్చీలో కూర్చుని, కూర్చున్నట్టే పోయాడు. గుండె. అంతకుముందు చాలా రోజులనుంచే నొప్పి ఉండేదట, ఆయన భార్య ఏడుస్తూ చెప్పింది. మా అందరినీ రోజూ నిలబెట్టి అడిగిన మనిషి, తన వంతు వచ్చినప్పుడు నోరు మూసుకున్నాడు. వరుసలో ఆయన నిలబడేది మాకు ఎదురుగా కాబట్టి ఆయన్ని అడగాలని మాకెవరికీ తోచనే లేదు. ఈ ఒక్కదానికి మాత్రం ఆయన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

పనివాళ్ళు చెదిరిపోకుండా నేనే షెడ్డు నడుపుతున్నాను. ఓబులమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకొని మొక్కల సంచుల్లో మన్ను నింపుతుంది, వచ్చిపోయేవాళ్ళ మీద నోరు పారేసుకుంటుంది. ఆమె కోడలు గంగ పోయిన ఏటినుంచి మాతో వస్తోంది. ఈ మధ్య పులివెందుల నుంచి చెన్నప్ప మళ్ళీ ఫోను చేశాడు. తోట చూసేవాళ్ళు ఎవరూ నిలవడం లేదట. "బూట్లతోనే వస్తాం" అన్నాను. "రాండి తల్లీ, ఎట్లన్నా రాండి" అన్నాడు.

ఖర్జూరం చెట్లు ఎత్తు పెరిగాయి. మట్టలు కొట్టించి పోగు వేయిస్తుంటే వరండాలో చేతికర్ర చప్పుడైంది. పెద్దాయన బాగా వంగిపోయాడు. పక్కన గంగ చేతిలోది కిందపెట్టడం చూశాను. ఆమె మడమ బూటులోంచి పైకి లేస్తోంది. అత్తకు వేళ్ళు పోయిన తోటలోనే, అదే గడ్డి మీద! నాకు అరవడానికి వ్యవధి లేదు. అరిస్తే ఇంకా గాభరాపడి తీస్తుంది. నా బూటు ఎత్తి ఆమె బూటు మీద, సరిగ్గా వేళ్ళున్న చోట, బలమంతా పెట్టి తొక్కి పట్టాను. "అబ్బా" అంది లోలోపల. అట్లా తొక్కిపట్టే నేను రెండు చేతులూ జోడించి పెద్దాయనకు దండం పెట్టాను. గంగా పెట్టింది, మూతి వంకర పెట్టుకొని.

పెద్దాయన మా కాళ్ళ వైపు చూశాడు. అప్పుడు నేనూ ఆయన కాళ్ళు చూశాను. మెత్తటి గుడ్డబూట్లు, లోపల మేజోళ్ళు. ఆయనకూ చక్కెర జబ్బంట, ఇంట్లో కూడా ఉత్తకాళ్ళతో నడవద్దని డాక్టరు చెప్పాడని తరవాత చెన్నప్ప అన్నాడు.

"బూట్ల సాయిబు రాలేదా?" అని అడిగాడు పెద్దాయన.

"పోయినాడప్పా."

ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు. "ఉన్నింటే నన్ను లోపలికి పొమ్మనేటోడు" అన్నాడు. తరవాత, ఎవరూ చెప్పకుండానే, వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. ఆయన తలుపు దాటేదాకా నేను గంగ కాలిమీదనుంచి నా కాలు తీయలేదు.

ఈ రోజు పొద్దున షెడ్డు ముందర అందరినీ నిలబెట్టాను. ఇప్పుడు వరుసలో మొదట చెప్పేది నేనే. బాషా చేసిన పొరపాటు నేను చేయను. నా ఎడమ మోకాలు పట్టేస్తోంది, నిచ్చెన ఎక్కితే దెబ్బ దానినుంచే వస్తుంది, కాబట్టి ఈ రోజు నిచ్చెన ఎక్కను అని చెప్పాను. తరవాత ఒక్కొక్కరినే అడుగుతూ పోయాను. ఎండ ఎక్కుతోంది, చల్లపూట పోతోంది, వాళ్ళ ముఖాల్లో నా మీద విసుగు నాకు కనబడుతూనే ఉంది. ఆ విసుగు నాకు బాగా తెలుసు. చివర గంగ వంతు వచ్చింది.

"చెప్పు గంగా, ఈ పొద్దు దెబ్బ యాడ్నుంచి వస్తాది?"

"నీ బూటు కాడ్నుంచే పెద్దమ్మా" అంది. "ఇంగా వాపు దిగలే."

అందరూ పగలబడి నవ్వారు. గేటు దగ్గర మన్ను నింపుతున్న ఓబులమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది కానీ బిగబట్టుకున్నాను. వాపు దిగలేదంటే బూటు తీసి చూపించమన్నాను. కుర్చీ తెప్పించి, కూర్చోబెట్టి, ఆ ఎండలో ఆ రబ్బరు వాసన మధ్య గొంతుకూర్చుని, గంగ కాలి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూశాను. అన్నీ ఉన్నాయి.